మందుకు ముందు పరీక్ష

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో ప్రత్తి సేద్యము చేసినవారు 1987–88 పంటకాలమును ఎన్నటికిని మరువలేరు. అంతకు కొలది ఏండ్ల ముందు పైరిత్రాయిడ్లు అను క్రొత్తజాతి పురుగుమందులు బజారులోనికి వచ్చినవి. మొదట అవి చక్కగా పనిచేసినవి. తరువాత తెల్లదోమ విజృంభించినది. దాని వెనుకనే శనగపచ్చ పురుగు కాయలను తొలిచివేయసాగినది. రైతులు మందుమీద మందు చల్లిరి. పురుగు చావలేదు, అప్పు మాత్రము పెరిగినది. పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. పిమ్మట ఆంధ్రదేశపు పొలములనుండి పురుగులను సేకరించి పరీక్షించిన శాస్త్రజ్ఞులు, అవి ఆ మందులను తట్టుకొను శక్తిని సంపాదించుకొన్నవని తేల్చిరి. కంటికి అది పాత పురుగే. మారినది దాని లోపలి గుణము.

శత్రువు రూపము తెలియుట వేరు, గుణము తెలియుట వేరు. గుణము తెలియక వాడిన మందు ధనమును హరించును; అంతకంటె విలువైన కాలమును హరించును. పొలమునకు మరుసటి ఏడు మరొక పంట ఉన్నది. మనుష్యునకు అట్టి అవకాశము ఎల్లప్పుడు ఉండదు. లింఫోమా అను క్యాన్సరు విషయమున వైద్యశాస్త్రము గడచిన పాతిక సంవత్సరములుగా ఈ పాఠమునే నేర్చుకొనుచున్నది. ఈ రోగికి సామాన్య చికిత్స చాలునా, చాలదా అను ప్రశ్నకు మొదటి మందుసీసా ఎక్కించకముందే రోగకణముల జన్యువులను పరీక్షించి సమాధానము చెప్పుటకు వైద్యులు నేడు ప్రయత్నించుచున్నారు.

లింఫోమా అననేమి?

శరీరములో రక్తనాళముల వలెనే శోషరస నాళములను మరియొక కాలువల వ్యవస్థ కలదు. ఆ కాలువలమీద అక్కడక్కడ చిక్కుడు గింజలవంటి గ్రంథులు ఉన్నవి. మెడ, చంకలు, గజ్జలు వాని ముఖ్యస్థానములు. కాలికి ముల్లు దిగి చీము పట్టినప్పుడు గజ్జలో బిళ్ళ కట్టినదని పల్లెలలో అందురు. ఆ బిళ్ళ ఈ గ్రంథియే. అందులో లింఫోసైట్లు అను తెల్లకణములు కావలి కాయుచుండును. బయటినుండి సూక్ష్మజీవులు వచ్చినప్పుడు అవి సంఖ్యలో పెరిగి పోరాడును. పోరు ముగిసిన తరువాత తగ్గిపోవును. అందుచేతనే పుండు మానగానే బిళ్ళ కరిగిపోవును.

ఏ కారణముననైన ఒక లింఫోసైటు అదుపు తప్పి, పోరు లేకయే పెరుగసాగినచో అది లింఫోమా అగును. 1832లో లండను నగరమందలి గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ ఈ గ్రంథుల రోగమును మొదట వివరముగా వర్ణించెను. 1865లో శామ్యూల్ విల్క్స్ అను వైద్యుడు దానికి హాడ్జ్‌కిన్ పేరు పెట్టెను. ఆనాడు ఒక్క రోగముగా తోచినది నేడు పెక్కు రోగములుగా విడివడినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ వర్గీకరణములో లింఫోమా రకములు అరువదికి మించియున్నవి. కొన్ని ఏండ్లతరబడి మందకొడిగా నడచును. కొన్ని వారములలో ప్రాణము మీదికి తెచ్చును. వానిలో మనదేశమునను, ఇతర దేశములలోను ఎక్కువగా కనిపించునది డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా. దీనిని పెద్ద బి-కణ లింఫోమా యని చెప్పుకొనవచ్చును.

పురుగుమందులతో పనిచేయు రైతులకు, కూలీలకు ఈ రోగముతో సంబంధమున్నదా అను ప్రశ్న ఈ మైదానములలో సహజముగా పుట్టును. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2015లో లిండేను అను పురుగుమందు లింఫోమాను కలిగింపగలదని నిర్ధారించినది. మన పల్లెలలో ఒకప్పుడు విరివిగా చల్లిన బి.హెచ్.సి. పొడిలో ఈ లిండేను ఒక భాగము. ఆ పొడిని మనదేశమున 1997లో నిషేధించిరి. అయినను ఫలానా రోగికి ఫలానా మందువలననే ఈ రోగము వచ్చినదని ఏ పరీక్షయు చెప్పజాలదు. కారణమును వెదకుట ఒక పని, వచ్చిన రోగమును గుర్తించుట మరియొక పని. రోగి ప్రాణము రెండవదానిపై ఆధారపడియున్నది.

ఒకే రూపము, రెండు గతులు

పెద్ద బి-కణ లింఫోమాకు 1970 ప్రాంతములనుండి చాప్ అను నాలుగు మందుల చికిత్స వాడుకలోనికి వచ్చినది. ఇరువదియొక్క దినముల కొకసారి చొప్పున సాధారణముగా ఆరు విడతలు ఇత్తురు. ఆ నాలుగింటిలో నొకటియగు విన్‌క్రిస్టిన్ మన ఇండ్ల ముంగిళ్ళలో పూచు బిళ్ళగన్నేరు మొక్కనుండి లభించినది. ఈ చికిత్స వలన కొందరు పూర్తిగా స్వస్థులైరి. మరికొందరికి రోగము తగ్గినట్లే తగ్గి తిరుగబెట్టినది. ఇంకను కొందరికి మొదటినుండియు లొంగనేలేదు. సూక్ష్మదర్శినిలో చూచిన కణములు అందరివి ఒకే విధముగానే ఉన్నవి. మరి ఈ భేదమెట్లు వచ్చినది?

1993లో అనేక దేశముల వైద్యులు కూడి ఒక లెక్క తయారుచేసిరి. రోగి వయస్సు అరువది దాటినదా, రోగము ఏ దశకు ప్రాకినది, రక్తములో ఎల్‌డీహెచ్ అను పదార్థము హెచ్చినదా, రోగి తన పనులు తాను చేసికొనగలడా, గ్రంథులకు వెలుపల ఎన్నిచోట్ల రోగమున్నది అను అయిదు ప్రశ్నలకు సమాధానములు కూడి అపాయమును అంచనా వేయుదురు. ఎల్‌డీహెచ్ సామాన్యమైన రక్తపరీక్షయే గనుక ఈ లెక్క నేటికిని ఏ జిల్లా ఆసుపత్రిలోనైనను ఉపయోగపడును. కాని ఇది రోగము ఎంత విస్తరించినదో చెప్పును గాని, అది ఎట్టిదో చెప్పదు.

ఆ తెర 2000 ఫిబ్రవరిలో కొంత తొలగినది. అమెరికాలో యాష్ అలిజాదే, లూయీ స్టౌట్ మొదలగు శాస్త్రజ్ఞులు తమ పరిశోధనను నేచర్ పత్రికలో ప్రకటించిరి. ప్రతి కణములోను జన్యువులన్నియు ఉన్నను అన్నియు ఒక్కమారే పనిచేయవు. పాఠశాల గ్రంథాలయములో వేయి పుస్తకములున్నను, ఏ తరగతివారు ఏ పుస్తకములు తెరచిరో చూచిన వారు చదువుచున్న పాఠము తెలియును. అట్లే లింఫోమా కణములలో ఏ జన్యువులు పనిచేయుచున్నవో, ఏవి నిద్రించుచున్నవో ఆ శాస్త్రజ్ఞులు వేలకొలది జన్యువుల విషయమున ఒక్కసారిగా చూచిరి. ఒకే పేరుగల రోగము రెండు వర్గములుగా విడిపోయినది. ఒక వర్గపు రోగులలో అయిదేండ్ల తరువాత నూటికి 76 మంది జీవించియుండిరి. రెండవ వర్గములో నూటికి 16 మంది మాత్రమే. పరిశోధనలోని రోగుల సంఖ్య చిన్నదే. రిటుక్సిమాబ్ అను మందు చికిత్సలో చేరక పూర్వపు అంకెలివి. అయినను అది వైద్యుల దృష్టిని మార్చివేసినది. తరువాత 2004లో, అంత ఖరీదైన యంత్రము లేకయే, మూడు ప్రోటీనులకు రంగువేసి చూచి ఈ వర్గములను స్థూలముగా గుర్తించు పద్ధతి ప్రకటింపబడినది. నేడు మామూలు రోగనిర్ధారణశాలలలో వాడునది ఈ పద్ధతియే.

తప్పిన జన్యువులు

మనుష్యుని కణములో 46 క్రోమోజోములు జతలు జతలుగా ఉండును. ఒక్కొక్కప్పుడు ఒక క్రోమోజోము ముక్క విరిగి మరియొకదానికి అతుకుకొనును. ఎనిమిదవ క్రోమోజోము మీది మిక్ అను జన్యువు కణమును పెరుగుమని ఆజ్ఞాపించును. పదునెనిమిదవ క్రోమోజోము మీది బి.సి.ఎల్.-2 అను జన్యువు కణమును చావకుండ కాపాడును. సామాన్యముగా ఈ రెండును కట్టుబాటులో ఉండును. లింఫోసైటులలో ప్రతిరక్షకములను తయారుచేయు జన్యువులు రాత్రింబవళ్ళు పనిచేయుచుండును. విరిగిన ముక్క వాని ప్రక్కన అతుకుకొన్నచో అదియు ఎడతెగక పనిచేయసాగును. మిక్ ఒక్కటియే అట్లు చెదరుట, 1958లో డెనిస్ బర్కిట్ అను శస్త్రవైద్యుడు ఉగాండాలోని పిల్లలలో వర్ణించిన లింఫోమాకు ముఖ్యలక్షణమని తరువాత తెలిసినది.

ఈ రెండు జన్యువులును ఒకే కణములో చెదరినచో ఫలితము ఊహింపవచ్చును. పెరుగుమను ఆజ్ఞ ఆగదు. చావవలసిన కణము చావదు. దీనిని వైద్యులు డబుల్ హిట్ లింఫోమా అందురు, అనగా రెండు దెబ్బలు తగిలినదని అర్థము. పెద్ద బి-కణ లింఫోమాగా కనిపించువానిలో నూటికి అయిదుమొదలు పదివరకు ఇట్టివి ఉండును. 2016లో ప్రపంచ ఆరోగ్యసంస్థ వీనిని ప్రత్యేక వర్గముగా విడదీసినది. సామాన్య చికిత్స వీనికి తరచు చాలదు. అందుచేత పెక్కు వైద్యశాలలలో వీనికి మందులను నాలుగు దినములపాటు ఎడతెగక ఎక్కించు మరింత తీవ్రమైన పద్ధతిని అవలంబించుచున్నారు. మెదడునకు రోగము ప్రాకినదా యని కూడ ముందుగానే చూతురు.

ఈ చెదరుటను కనుగొను పరీక్షకు ఫిష్ అని పేరు. దాని తీరు విద్యార్థులకును సులభముగా బోధపడును. ఒక జన్యువునకు ఒకవైపున ఎరుపు, రెండవవైపున ఆకుపచ్చ కాంతినిచ్చు రసాయనములను అంటింతురు. జన్యువు చెదరక ఉన్నచో రెండు చుక్కలును కలిసి పసుపుపచ్చగా కనిపించును. విరిగినచో ఎరుపు ఒకచోట, ఆకుపచ్చ ఒకచోట విడివిడిగా మెరయును. చీకటిలో రెండు చుక్కల నడుమ కనిపించు ఎడమే రోగి చికిత్సను మార్చివేయును.

మరియొక జన్యువు టి.పి.53. దెబ్బతిన్న కణమును నిలిపివేసి, అవసరమైన చంపివేయు కావలివాడు ఇది. రసాయన చికిత్స చాలవరకు ఈ కావలివాని ద్వారానే కణమును చంపును. కావలివాడే లేనప్పుడు మందు ఎంత పోసినను ప్రయోజనము స్వల్పము. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా అను, లింఫోమాకు చుట్టమైన రోగములో ఈ సంగతి మిక్కిలి స్పష్టము. టి.పి.53 చెడిన రోగికి పాత రసాయన చికిత్స ఇయ్యక, 2014నుండి ఆ రోగమునకు అనుమతి పొందిన ఇబ్రుటినిబ్ వంటి మాత్రలను ఇచ్చుట మేలని తేలినది. ఇచట పరీక్ష కేవలము జోస్యము చెప్పి ఊరకుండదు. ఏ మందు వలదో, ఏ మందు వలయునో నిర్ణయించును.

తెలుగువారి పాలు

ఈ కథలో తెలుగువారికిని భాగము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలలో నడపిన కృషినుండి మెథోట్రెక్సేట్ అను మందు వచ్చినది. మెదడునకు సోకిన లింఫోమాకు నేటికిని అదియే ప్రధానమైన మందు. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ, 2007లో రిటుక్సిమాబ్‌ను పోలిన మందును రెడిటక్స్ పేర మనదేశమున విడుదల చేసినది. రిటుక్సిమాబ్ 1997లో అమెరికాలో అనుమతి పొందినది. లింఫోమా కణము పైనున్న సి.డి.-20 అను గుర్తును పట్టుకొని దానిని చంపుట దీని పని. దీనిని చాప్ మందులతో చేర్చిన తరువాత పెద్ద బి-కణ లింఫోమా రోగులలో సగమునకు మించినవారు స్వస్థులగుచున్నారు. విదేశపు ధర చెల్లింపలేని మన రోగులకు స్వదేశపు మందు గొప్ప ఆసరా అయినది.

మందు చేరువైనకొలది పరీక్ష ఆవశ్యకత పెరిగినది. కణముపై సి.డి.-20 గుర్తు ఉన్నదని తేలకుండ రిటుక్సిమాబ్ ఇచ్చుట వ్యర్థము. పూర్వము హెపటైటిస్-బి సోకి శరీరమున అణగియున్నచో, ఈ మందు దానిని మరల రేపి కాలేయమును పాడుచేయవచ్చును. కావున రక్తములో ఆ పరీక్షయు ముందే జరుగవలెను.

పోగొట్టుకొనుచున్న నెలలు

మన ప్రాంతమున అసలు చిక్కు జన్యుపరీక్ష వరకు రాకమునుపే మొదలగుచున్నది. మెడలో బిళ్ళలు, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట — ఇవి క్షయ లక్షణములు. ఇవియే లింఫోమా లక్షణములు కూడ. క్షయ అధికముగా ఉన్న దేశములో వైద్యునకు మొదట క్షయయే స్ఫురించుట వింతకాదు. కాని ముక్క పరీక్ష చేయకయే క్షయ మందులు ప్రారంభించి, నెలలు గడచినను బిళ్ళ తగ్గక, తుదకు లింఫోమాయని తేలిన రోగులు భారతదేశమంతట ఉన్నారు. క్షయకును నేడు జన్యుపరీక్ష ఉన్నది. సీబీనాట్, మనదేశమున తయారైన ట్రూనాట్ యంత్రములు కొలది గంటలలో క్షయక్రిమి ఉన్నదో లేదో చెప్పును. ఆ క్రిమి ముఖ్యమైన మందునకు లొంగునో లొంగదో కూడ తెలుపును. ప్రభుత్వ వైద్యశాలలలో ఈ పరీక్ష ఉచితము. కాబట్టి ఊహపై మందులు మ్రింగుట కిప్పుడు కారణము లేదు.

రెండవ పొరపాటు స్టెరాయిడ్లు. పరీక్షకు ముందు ప్రెడ్నిసొలోన్ వంటి మాత్రలు వాడినచో లింఫోమా కణములు తాత్కాలికముగా కరిగిపోవును. బిళ్ళ తగ్గినదని ఇంటివారు సంతోషింతురు. కాని తరువాత తీసిన ముక్కలో రోగము జాడ తెలియదు. మరల బిళ్ళ పెరుగువరకు వేచియుండవలసివచ్చును.

మూడవది ముక్క తీయు పద్ధతి. సన్నని సూదితో తీసిన కొలది కణములు అనుమానమునకు ఆధారమగునేగాని, లింఫోమా రకము తేల్చుటకు సాధారణముగా చాలవు. సాధ్యమైనప్పుడెల్ల గ్రంథిని పూర్తిగా తీసి పరీక్షకు పంపుట మేలు. తీసిన వెంటనే దానిని పదిశాతపు ఫార్మలిన్ ద్రావణములో ఉంచవలెను. ఆలస్యమైన కణములు కుళ్ళును. ఆ ద్రావణములో దినములకొలది విడిచిన జన్యుపదార్థము చెడును. పిమ్మట దానిని మైనములో పొదిగి దిమ్మగా చేయుదురు. ఆ మైనపు దిమ్మ ఏండ్లతరబడి నిలుచును. దిమ్మ మంచిదైనచో రోగి కదలకయే అది హైదరాబాదునకో, వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలకో, బొంబాయిలోని టాటా స్మారక వైద్యశాలకో ప్రయాణము చేయగలదు. దిమ్మ చెడినచో ఎంత గొప్ప యంత్రమును ఏమియు చేయలేదు. జన్యుపరీక్ష ఫలితము మహానగరపు ప్రయోగశాలలో వెలువడవచ్చును. దాని మేలుకీడులు మాత్రము గుంటూరులోనో, ఒంగోలులోనో శస్త్రచికిత్స గదియందలి చిన్న సీసాలోనే నిర్ణయమగుచున్నవి.

గుంటూరు వైద్యకళాశాల 1946నుండి పనిచేయుచున్నది. దాని అనుబంధమగు ప్రభుత్వ వైద్యశాలలో నాట్కో ట్రస్టు సహాయమున క్యాన్సరు కేంద్రము వెలసినది. మంగళగిరిలో అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ నడచుచున్నది. పేదరోగులకు 2007లో ఆరోగ్యశ్రీ పేర ఆరంభమైన ప్రభుత్వ సహాయము, నేడు ఆంధ్రప్రదేశమున ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేర కొనసాగుచున్నది. ఏ పరీక్ష ఈ సహాయము క్రిందికి వచ్చునో, ఏది రాదో చికిత్సకు ముందే వైద్యమిత్రను అడిగి తెలిసికొనుట మంచిది. అన్ని పరీక్షలు అందరికి అక్కరలేదు. రంగువేసి చూచిన పరీక్షలో మిక్, బి.సి.ఎల్.-2 ప్రోటీనులు హెచ్చుగా కనిపించినవారికి ఫిష్ పరీక్షను తప్పక చేయింపవలెనని, డబ్బు తక్కువైనచోట మొదట మిక్ ఒక్కటియే చూచి, అది చెదరినప్పుడు తక్కినవి చూడవచ్చునని ఆలోచించు వైద్యులు కలరు.

పరీక్ష ఏమి చేయజాలదు?

జన్యుపరీక్ష విధిలిఖితము కాదు. అపాయము అధికమని చెప్పబడినవారిలో పెక్కురు స్వస్థులగుదురు. స్వల్పమని చెప్పబడినవారిలో కొందరికి రోగము తిరుగబెట్టును. అది అందించునది సంభావ్యత మాత్రమే. అయినను సంభావ్యత తెలిసిన వైద్యుడు ఎవరిని ఎక్కువ శ్రద్ధతో కనిపెట్టవలెనో, ఎవరికి అక్కరలేని తీవ్రచికిత్స తప్పింపవలెనో తెలిసికొనగలడు. మొదటి చికిత్స తప్పినవారికిని నేడు దారులు మూసికొనిపోలేదు. రోగి లింఫోసైట్లనే బయటికి తీసి, వానికి రోగమును గుర్తుపట్టు శక్తినిచ్చి తిరిగి ఎక్కించు కార్-టి అను చికిత్స వచ్చినది. బొంబాయి ఐ.ఐ.టి., టాటా వైద్యశాలల కృషి ఫలమైన స్వదేశపు కార్-టి చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి లభించినది. దాని వ్యయము ఇప్పటికిని లక్షలలోనే ఉన్నది. మొదటి చికిత్సనే సరిగా ఎన్నుకొనుట కంటె చవుకైన మార్గము లేదు.

పల్లెలో ఎవరికి ఒంట్లో బాగులేకున్నను కాగితములు పట్టుకొని సలహాకు వచ్చునది తరచు బడిపంతులు వద్దకే. అట్టివారు నాలుగు మాటలు చెప్పగలిగిన చాలును. నొప్పిలేని బిళ్ళ నెలదినములు దాటియు తగ్గకున్నను, పెరుగుచున్నను పెద్ద వైద్యశాలకు పోవలెను. పేరు తేలకముందు స్టెరాయిడ్లు వాడరాదు. ముక్క తీసిన తరువాత దాని నివేదికను, మైనపు దిమ్మ సంఖ్యను పొలము పట్టాతో సమానముగా భద్రపరచుకొనవలెను. మందు మొదలుపెట్టు దినమున, తమ లింఫోమా ఏ రకమునకు చెందినదని వైద్యుని అడుగుటకు రోగి జంకరాదు. ఆ ప్రశ్నకు ఆనాడు సమాధానము దొరకినచో, ఆరు విడతల తరువాత విచారింపవలసిన పని చాలమందికి తప్పును.